ఊళ్లో ఫోన్ ప్రభావం మీద ప్రాజెక్టు: ఎలా అడగాలి?

ప్రశ్న:
మహబూబ్‌నగర్‌లో ఎంఏ సోషియాలజీ చదువుతున్నా. ఇంటర్నెట్ వచ్చాక పల్లెల్లో ఏం మారిందో మా నారాయణపేట వైపు ఊళ్లు తిరిగి రాద్దామనుకున్నా, కానీ రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తారని అడిగితే అందరూ గంటే అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు:
గంటలు అడగకు తమ్ముడూ. ఫోన్ ఎవరి పేరు మీద ఉంది, రీచార్జ్ ఎవరు చేయిస్తారు, లాక్ ఎవరికి తెలుసు, ఇవి అడుగు. మా ఇంట్లో ఫోన్ అమ్మదే, కానీ పొద్దంతా మా తమ్ముడి చేతిలోనే ఉంటుంది, పుణె పనికి పోయిన నాయన వీడియో కాల్ చేస్తేనే అమ్మ చేతికొస్తుంది. ఆమె ముందు చెంగుతో స్క్రీన్ తుడిచి, తర్వాత మాట్లాడుతుంది.

ఇంకో జవాబు:
ఫోన్ లేనివాళ్లనూ వదలొద్దు. ఉపాధి హామీ హాజరు 2023 జనవరి నుంచి యాప్‌లోనే, పని దగ్గర కూలీలకు రోజుకు రెండుసార్లు ఫొటో తీస్తారు. మా నల్గొండ వైపు ఆ రోజుకు కొలిచి ఇచ్చిన పని ముందే అయిపోయినా రెండో ఫొటో కోసం ఆడవాళ్లు ఎండలో కూర్చుంటారు. వాళ్ల మీద ఇంటర్నెట్ ప్రభావం అంటే అదే, పోయి చూడు.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, అన్నా, థ్యాంక్స్. రేపు పని దగ్గరికే పోతా, గంటలు అడిగే ఫారం ఇంట్లో పెట్టి.