జీతాల ఫోల్డర్ మూసి ఉన్నా లోపలి ఫైళ్లు అందరికీ తెరుచుకుంటున్నాయి: విండోస్ సర్వర్ అనుమతులపై సందేహం

లెక్కలగది_విజయవాడ:

నమస్కారం. మాది విజయవాడలో ఒక చిన్న ఆడిట్ ఆఫీసు. విండోస్ సర్వర్‌లో ఒకే డ్రైవ్ మీద ‘క్లయింట్లు’, ‘జీతాలు’ అనే రెండు ఫోల్డర్లు ఉన్నాయి. మొదటిదానిలో ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన ఆఫీసు శిక్షణ) చేస్తున్న విద్యార్థులతో సహా అందరికీ మార్పులు చేసే హక్కు ఉంది; రెండవది భాగస్వాములకూ, ఆఫీసు మేనేజరుగా నాకూ మాత్రమే తెరుచుకోవాలి. ఎప్పటి నుంచో క్లయింట్లు ఫోల్డర్‌లో ఉండిపోయిన మా సిబ్బంది జీతాల వివరాలను ఒక సహోద్యోగి ఇటీవల కట్ చేసి జీతాలు ఫోల్డర్‌లో పేస్ట్ చేశారు. ఇప్పుడు విద్యార్థులు ఆ ఫోల్డర్ మీద నొక్కితే అనుమతి లేదనే వస్తోంది గానీ, భాగస్వాములకు పంపబోయి పొరపాటున అందరికీ వెళ్లిన మెయిల్‌లోని లింకు నొక్కితే మాత్రం జీతాల ఎక్సెల్ ఫైలు నేరుగా తెరుచుకుంటోంది. తలుపుకు తాళం ఉండగా లోపలి వస్తువు చేతికెలా అందుతోంది? ఆర్టికల్స్ గ్రూపుకు ‘డినై’ (స్పష్టమైన నిషేధం) పెట్టేస్తే సరిపోతుందా?

నెట్‌వర్క్_పని:

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇక్కడ రెండు విషయాలు కలిశాయి. మొదటిది, ఎన్‌టీఎఫ్ఎస్‌లో, అంటే విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లను భద్రపరిచే పద్ధతిలో, ప్రతి ఫైలుకూ తనదైన అనుమతుల జాబితా ఉంటుంది. ఫైలును కాపీ చేస్తే కొత్త ఫైలు పుడుతుంది కాబట్టి అది చేరిన ఫోల్డర్ అనుమతులను తీసుకుంటుంది. అదే డ్రైవ్‌లో ఒక చోటి నుంచి మరో చోటికి కట్ చేసి పేస్ట్ చేస్తే మాత్రం ఫైలు కదలదు, దాని చిరునామా మాత్రమే మారుతుంది, అందువల్ల పాత జాబితా దానితోనే వస్తుంది. అంటే మీ జీతాల ఫైలుకు ఇప్పటికీ క్లయింట్లు ఫోల్డర్ నాటి అనుమతులే ఉన్నాయి.

రెండవది చాలామంది గమనించనిది. విండోస్‌లో ‘బైపాస్ ట్రావర్స్ చెకింగ్’ అనే హక్కు మొదటి నుంచీ అందరికీ ఇచ్చి ఉంటుంది. దానివల్ల, పూర్తి చిరునామా తెలిసిన వ్యక్తికి ఆ ఫైలు మీద హక్కు ఉంటే చాలు, దారిలోని ఫోల్డర్లు తెరిచే హక్కు లేకపోయినా ఫైలు తెరుచుకుంటుంది. మీ లింకు చేసింది అదే. ఈ హక్కును తీసివేయాలని దయచేసి ప్రయత్నించకండి, ఎన్నో ప్రోగ్రాములు దాని మీద ఆధారపడతాయి. సరిచేయవలసింది ఫైళ్ల అనుమతులనే.

జీతాలు ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, ఆపైన అడ్వాన్స్‌డ్ తెరిచి, లోపలి వాటన్నిటికీ ఈ ఫోల్డర్ అనుమతులనే వర్తింపజేసే గడిని టిక్ చేయండి. లోపల ఎవరికైనా విడిగా ఇచ్చిన అనుమతులుంటే అవి తుడిచిపెట్టుకుపోతాయి కనుక ముందుగా వాటిని రాసి పెట్టుకోండి.

సర్వర్_హనుమకొండ:

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. డినై గురించి మాత్రం గట్టిగా వద్దని చెబుతాను. ఒక వ్యక్తి రెండు గ్రూపుల్లో ఉన్నప్పుడు ఒకే స్థాయిలో డినై, అనుమతి రెండూ ఎదురైతే డినైదే పైచేయి. ఆర్టికల్స్ పూర్తిచేసి మీ దగ్గరే ఉద్యోగంలో చేరిన వ్యక్తిని పాత గ్రూపు నుంచి తీయడం మరిచిపోతే, రేపు జీతాల పని ఆయనకే అప్పగించినా ఫోల్డర్ తెరుచుకోదు, కారణం వెతకడానికి ఒక పూట పడుతుంది. పైగా ఫైలు మీదే నేరుగా ఇచ్చిన అనుమతి పై ఫోల్డర్ నుంచి దిగివచ్చిన డినైని దాటిపోతుంది, కాబట్టి మీరు ఆశించే రక్షణ కూడా పూర్తిగా దక్కదు. హక్కు ఇవ్వకపోవడమే చాలు, అది నిషేధంతో సమానం.

మరొక మాట. క్లయింట్లు ఫోల్డర్‌లో విద్యార్థులకు ‘మాడిఫై’ (ఫైళ్లను మార్చే హక్కు) ఇవ్వండి, ‘ఫుల్ కంట్రోల్’ ఇవ్వకండి. రెండవది ఉన్నవారు అనుమతులనే మార్చగలరు.

లెక్కలగది_విజయవాడ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు చేశాక లింకు నొక్కినా ఫైలు తెరుచుకోవడం లేదు. అయితే కొత్తగా జీతాల గ్రూపులో చేర్చిన ఉద్యోగినికి కూడా ఇంకా అనుమతి లేదనే వస్తోంది. ఆమె పేరును నేరుగా ఫోల్డర్‌కే జోడించమంటారా?

నెట్‌వర్క్_పని:

వద్దండీ. ఆమెను ఒకసారి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ కమ్మనండి. గ్రూపు సభ్యత్వం లాగిన్ సమయంలోనే నమోదవుతుంది. అప్పటికీ రాకపోతే అడ్వాన్స్‌డ్‌లోని ‘ఎఫెక్టివ్ యాక్సెస్’లో (ఒక వ్యక్తికి చివరికి ఏ హక్కులు దక్కుతున్నాయో చూపే చోటు) ఆమె పేరు ఇచ్చి చూడండి. అక్కడ హక్కు ఉన్నట్టు కనిపించి కూడా ఫోల్డర్ తెరుచుకోకపోతే షేర్ అనుమతులను (ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో పంచినప్పుడు విడిగా పెట్టేవి) పరిశీలించండి, ఎందుకంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి షేర్, ఎన్‌టీఎఫ్ఎస్ రెండింటిలో ఏది కఠినమైతే అదే వర్తిస్తుంది.

సర్వర్_హనుమకొండ:

ఫోల్డర్లకు వ్యక్తుల పేర్లు నేరుగా ఇవ్వవద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఉద్యోగి వెళ్లిపోయి ఖాతాను తొలగించాక, అనుమతుల జాబితాలో పేరుకు బదులు ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి సంఖ్య మిగులుతుంది. అది ఎవరిదో, ఎందుకు ఇచ్చారో తర్వాత వచ్చేవారికి అర్థం కాదు. గ్రూపుకు ఇస్తే సభ్యుల జాబితా మార్చుకుంటే చాలు, ఫోల్డర్ జోలికి వెళ్లనక్కరలేదు.