టాప్ 5 శాతంలో లేని పిల్లలకు యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, ఆస్టిన్) కంప్యూటర్ సైన్స్ సీటు వస్తుందా?

మేం ఉండేది డల్లాస్ దగ్గర. మా అమ్మాయి పబ్లిక్ హైస్కూల్లో 11వ తరగతి పూర్తి చేసింది. ర్యాంకు 612 మందిలో 48, అంటే 8 శాతం లోపు. టెక్సస్ చట్టం ప్రకారం టాప్ 10 శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది. యూటీ ఆస్టిన్‌కి మాత్రం 2026 ఫాల్ నుంచి అది టాప్ 5 శాతానికి తగ్గింది. 30వ ర్యాంకు లోపు ఉండాలన్నమాట.

తనకు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) సబ్జెక్టులన్నిటిలో ఏ గ్రేడే. నాలుగేళ్ల ఆర్కెస్ట్రా క్లాసుకు వాటిలా అదనపు పాయింట్ల వెయిటేజీ లేదు, అందులో 100 వచ్చినా సగటు తగ్గుతుంది. ర్యాంకు కోసం వయొలిన్ మానెయ్యమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పటికీ అది సరైన నిర్ణయమనే అనుకుంటున్నా.

స్కూల్ కౌన్సిలర్‌ని రెండుసార్లు కలిశాం. అప్లికేషన్‌కి ఈ ర్యాంకే వెళ్తుందన్నారు. శాట్ (కాలేజీ అడ్మిషన్ పరీక్ష) రెండోసారి రాస్తే 1460 నుంచి 1530 అయింది. టాప్ 5 శాతంలో ఉన్నా కోరుకున్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు) గ్యారంటీ కాదని తెలుసు. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి, యూటీ డల్లాస్‌కి కూడా అప్లై చేస్తున్నాం. అయినా టెన్షన్ తగ్గడం లేదు, పాప రాత్రుళ్లు సరిగా నిద్రపోవడం లేదు.

6 నుంచి 10 శాతం మధ్య ర్యాంకుతో ఈమధ్య యూటీ ఆస్టిన్ కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చిన పిల్లలు మీకు తెలిసుంటే, వాళ్ల అప్లికేషన్‌లో ర్యాంకు లోటును పూడ్చింది ఏమిటో చెప్పగలరా?