మనిషికి రాసిన డెక్సామెథసోన్ మాత్రలు చూడి ఆవుకు పెట్టవచ్చా?

ప్రశ్న: ఏడు నెలల చూడితో ఉన్న మా ఆవును నిన్న కందిరీగలు కుట్టడంతో మూతి, కనురెప్పలు ఉబ్బిపోయాయి. మేత తింటోంది, ఊపిరి బాగానే తీస్తోంది. మా అమ్మగారికి రాసిన డెక్సామెథసోన్ 0.5 మిల్లీగ్రాముల మాత్రలు మిగిలి ఉన్నాయి. వాపు తగ్గడానికి పశువులకు కూడా ఇదే మందు ఇస్తారని విన్నాను. పొడి చేసి తవుడులో కలిపి పెట్టవచ్చా?

జవాబు: దయచేసి పెట్టకండి. కుట్టిన వాపులకూ, ఈనిన ఆవులకు ఒంట్లో శక్తి చాలక వచ్చే కీటోసిస్ అనే జబ్బుకూ పశువైద్యులు ఈ మందు వాడే మాట నిజమే, కానీ మీ ఆవు చూడిది. నెలలు నిండిన దూడ ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరగడమే ఆవు ఈనడానికి తొలి సంకేతం. డెక్సామెథసోన్ కార్టిసాల్ లాంటి స్టెరాయిడ్ మందు, తల్లికి ఇస్తే సరిగ్గా ఆ పనే చేస్తుంది కాబట్టి, చూడి చివరి మూడు నెలల్లో పడితే ఆవు ఈసుకుపోవచ్చు (నెలలు నిండకుండానే దూడ పడిపోవచ్చు), మాయ పడక ఇబ్బంది పెట్టవచ్చు. నెలలు నిండకుండా ప్రసవం కావచ్చునన్న గర్భిణికి, బిడ్డ ఊపిరితిత్తులు పక్వం కావడానికి, వైద్యులు ఇదే మందును 12 గంటలకొకటి చొప్పున 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్లు నాలుగు ఇస్తారు. అక్కడ అది ప్రసవాన్ని తెచ్చిపెట్టదు. మనిషికి పనికొచ్చింది కదా అని ఆవు విషయంలో ధైర్యం చేయకూడదని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

వాపు మీద చల్లటి తడిగుడ్డ వేసి, ఈరోజే పశువైద్యుణ్ణి పిలిపించి, ఎన్నో నెల చూడో ముందుగానే చెప్పండి. ఊపిరి తీయడానికి అవస్థ పడితే క్షణం ఆగవద్దు.

ఇంతకూ ఆ మాత్రలు ఎందుకు మిగిలాయి?

ప్రశ్న అడిగినవారు: అమ్మ రోజుకు నాలుగేసి చొప్పున ఆరు వారాలు వాడి, షుగరు పెరుగుతోందని నాలుగు రోజుల క్రితం తనంతట తనే మానేసింది. అప్పటినుంచి నీరసంగా ఉంది, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంటోంది.

జవాబు: ఆవు కంటే ముందు అమ్మగారిని చూడాలి. మాత్ర చిన్నదే అయినా 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే మరో స్టెరాయిడ్‌తో సమానం. ఆవిడ వేసుకున్నది రోజుకు 2 మిల్లీగ్రాములు. అన్ని వారాలు బయటి నుంచి అందుతూ ఉంటే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ తయారుచేయడం తగ్గించేస్తాయి. హఠాత్తుగా మానేస్తే ఒంట్లో అది చాలక ఇలా నీరసం, కళ్ళు తిరగడం రావచ్చు, అందుకే ఈ మందును వైద్యుల సలహాతో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. షుగరు పెరగడం కూడా ఈ మందు వల్లే కావచ్చు, అయితే దానికి మందు హఠాత్తుగా ఆపడం విరుగుడు కాదు. మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టించకుండా, మాత్రల అట్టతో సహా ఆవిడను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఏ తేదీన ఆపారో చెప్పండి. దారిలో వాంతులైనా, మగతగా ఉన్నా, అక్కడికి చేరగానే ముందు ఆ మాటే చెప్పండి.