అన్నయ్యకు 36 శాతమే వేశారు, పింఛను తిరస్కరించారు: అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?

ప్రశ్న:
మేము అంబర్‌పేటలో ఉంటాము. మా అన్నయ్య ఆటో నడిపేవాడు. మూడేళ్ల కిందట జరిగిన ప్రమాదంలో ఎడమ మోకాలు దెబ్బతిని, అప్పటి నుంచి కాలు సరిగా ముడవలేకపోతున్నాడు. చిన్నతనంలో చిర్రగోనె ఆడుతుండగా చిర్ర తగిలి కుడి కన్ను ఏనాడో పోయింది. వైకల్య శాతం తేల్చే సదరం శిబిరంలో కాలు మాత్రమే చూసి 36 శాతం వేశారు. పింఛను దరఖాస్తు మీద "అనర్హులు" అన్న ఒక్క మాట తప్ప మరేమీ రాయలేదు. తెలిసినాయన ఒకరు ఎనిమిది వేలు ఇస్తే శాతం పెంచి ఇప్పిస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:
అమ్మా, ముందుగా ఆ ఎనిమిది వేలు మీ దగ్గరే ఉంచుకోండి. అలా వచ్చిన సర్టిఫికెట్ పునఃపరిశీలనలో పట్టుబడితే, న్యాయంగా రావలసిన పింఛను కూడా దక్కకుండా పోతుంది.

మీ విషయంలో రెండు నిర్ణయాలు కలగలిసి ఉన్నాయి. ఒకటి వైద్యులు వేసిన శాతం, రెండోది దాన్ని చూసి పింఛను లేదన్న నిర్ణయం. ఆసరా పింఛనుకు, అంటే ఇప్పుడు చేయూత అంటున్న దానికి, వినికిడి లోపానికి తప్ప మిగతా వైకల్యాలకు 40 శాతం ఉండాలి కాబట్టి, 36 శాతం కాగితం మారనంత కాలం తహసీల్దారు కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ప్రయోజనం ఉండదు. 2023లో 4,016 రూపాయలు చేసిన ఆ పింఛనుకు అడ్డుపడుతున్నది వైద్యుల కాగితమే.

అసలు పొరపాటు కన్ను చూడకపోవడంలో ఉంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవారికి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 శాతం వస్తుంది. అయితే 36కు 30 కలిపి 66 అనుకోకూడదు. పెద్ద శాతాన్ని 90 లోంచి తీసివేసి, మిగిలిన 54ను చిన్న శాతమైన 30తో గుణించి, 90తో భాగిస్తే 18 వస్తుంది. దాన్ని 36కు కలిపితే 54 అవుతుంది. కంటి పరీక్షలో 30 శాతం తేలితే మీ అన్నయ్య 40 శాతం గీత దాటినట్లే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్ ఇచ్చినవారి నిర్ణయంపై ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఆలస్యం చేయకండి. అప్పీలులో "శాతం తక్కువ వేశారు" అని కాకుండా, "కుడి కంటి వైకల్యాన్ని మదింపు చేయలేదు, బహుళ వైకల్యంగా తిరిగి పరీక్షించగలరు" అని స్పష్టంగా రాయండి.

ప్రశ్న:
కంటికి సంబంధించి మా దగ్గర పాత కాగితం ఒక్కటి కూడా లేదు, సార్. అవసరమా?

జవాబు:
పాతవి లేకపోయినా ఫరవాలేదు. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో ఓపీ చీటీ తీయించి, రెండు కళ్ల చూపు కొలత విడివిడిగా రాయించుకోండి. కాలికి ఆపరేషన్ జరిగి ఉంటే డిశ్చార్జి సమ్మరీ, ఇటీవలి ఎక్స్‌రే జతచేయండి. అన్నీ జిరాక్సులే ఇవ్వండి. అప్పీలు ఇచ్చేచోట అర్జీలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో మీ ప్రతి మీద తేదీ ముద్ర, నంబరు వేయించుకోకుండా కౌంటరు దగ్గరి నుంచి కదలవద్దు. మా చెల్లెలి విషయంలో ఆ ముద్ర లేనందువల్లే "మీ అర్జీ మాకు అందలేదు" అన్నారు, మళ్లీ మొదటికి వచ్చాము.

మరొకరి జవాబు:
పై సలహాకు ఒక్కటి చేరుస్తాను. శిబిరంలో వైద్యులు ఏం రాశారో తెలియకుండా అప్పీలు రాయడం చీకట్లో రాయి వేయడమే అవుతుంది కనుక, శిబిరం జరిగిన ఆసుపత్రి సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి, మదింపు పత్రం నకలు అడగండి. రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అప్పీలును మాత్రం దాని కోసం ఆపకండి, నకలు వచ్చాక జతపరచవచ్చు.

రాయడం కష్టమైతే పురానీ హవేలీలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం 12వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను చేయాలనుకుంటే 15100. కొత్త సర్టిఫికెట్ చేతికి వచ్చిన తరువాతే పింఛనుకు మళ్లీ దరఖాస్తు చేయండి. అప్పుడు కూడా కారణం చెప్పకుండా తిరస్కరిస్తే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో కొత్త సర్టిఫికెట్, తిరస్కరణ కాగితం పక్కపక్కన పెట్టి ఇవ్వండి.