సీటు వచ్చింది, చేరే ముందు క్యాంపస్ చూడనిస్తారా?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మా చెల్లికి తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. 1983లో ఆడపిల్లల కోసమే పెట్టిన యూనివర్సిటీ కదా అని నాన్నకు ధైర్యం. చెల్లి మాత్రం రిపోర్టింగ్ గడువులోపు ఒకసారి కళ్లారా చూస్తేనే చేరతానంటోంది. అది న్యాయమే.

నేను చూడకుండానే వేరే ఊళ్లో చేరాను. హాస్టల్లో పొద్దున ఐదింటికే కొళాయి ముందు బకెట్ల వరుస, ఆరున్నరకల్లా నీళ్లు ఆగిపోయేవి. దానికా తిప్పలు వద్దు.

హాస్టల్ గదులు, మెస్, ల్యాబులు లోపలికెళ్లి చూడనిస్తారా? ముందుగా ఎవరిని అడగాలి? నాన్నను గేటు దగ్గరే ఆపేస్తారా? అక్కడ చదువుతున్న అక్కలెవరైనా చెల్లితో ఒక్క పది నిమిషాలు మాట్లాడితే చాలా మేలు. గురువారం పొద్దున బస్సుకి బయల్దేరతాం.