జర్మనీలో హిజాబ్ చూసి దాడి చేస్తే ఫిర్యాదు ఎలా?

ప్రశ్న: లైప్జిగ్ ట్రామ్‌లో ఒకావిడ మా చెల్లి హిజాబ్ పట్టుకుని లాగి తిట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలోంచి తలెత్తలేదు. పోలీసుల దగ్గరికి వెళ్తే వీసాకు ఇబ్బందేమోనని తనకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. బాధితురాలు ఫిర్యాదు చేస్తే వీసాకు ఏమీ కాదు. ముస్లిం ద్వేష నేరాలను అక్కడి పోలీసులు 2017 నుంచి విడిగా లెక్కిస్తున్నారు. హిజాబ్ చూసే లాగిందని స్పష్టంగా రాయించండి, లేకపోతే మామూలు గొడవ కింద పోతుంది. ట్రామ్ కెమెరా రికార్డింగ్ ఎక్కువ రోజులు ఉంచరు, ఇవాళే అడగండి.

ఇంకో జవాబు: 2009లో జర్మనీలోనే డ్రెస్డెన్‌లో, హిజాబ్ వేసుకునే మర్వా అల్-షెర్బీని అనే ఈజిప్టు మహిళను కోర్టు హాల్లోనే పొడిచి చంపారు. పార్కులో తనను తిట్టినవాడి కేసులో సాక్ష్యం చెప్పడానికి వెళ్లింది ఆమె, పొడిచింది వాడే. అందుకే తిట్టును కూడా నమోదు చేయించాలంటాను. 'క్లెయిమ్' అనే సంస్థల కూటమి పోలీసుల దాకా వెళ్లని ఘటనలనూ లెక్కిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: సరేనండీ, సాయంత్రం చెల్లిని తీసుకుని స్టేషన్‌కు వెళ్తున్నాను.