సమస్య: «నాల్గు సింహాలు మూడాయె నాణెమందు» (మన జాతీయ చిహ్నంలోని సింహాల మాట; ఇదే చివరి పాదంగా పద్యం పూర్తిచేయాలి)

తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి ఉన్న అక్షరం, నాలుగో గణం మొదట. ప్రాస అక్కర్లేదు.

బొబ్బిలి నుంచి:

వీపు వీపును జేర్చి నల్వైపులందు
వెనుక నిలిచిన దొక్కటి వెలికిరాదు
ముందునుండియె చూచిన ముద్రలోన
నాల్గు సింహాలు మూడాయె నాణెమందు

పరిశీలన: భావం సూటిగా ఉంది. మొదటి పాదంలో యతి మాత్రం తప్పింది. ‘వీ’కి ‘ల్వై’ పెట్టారు. హల్లు కుదిరినా అచ్చు కుదరలేదు. ఐకారం అ, ఆ, ఔలతోనే కలుస్తుంది, ఈకారంతో కాదు. «వీపు వీపును జేర్చిన వీర హరులు» అంటే సరి. హరులంటే సింహాలు, ఆ మాటా దొరుకుతుంది.

రాజాం నుంచి:

ఎడమ గుఱ్ఱంబు కుడివైపు నేన్గు నిలువ
నడుమ నిరువదినాల్గాకు నగిషి చక్ర
మొప్ప, వెనుకటి సింగము మొగము దాఁచ
నాల్గు సింహాలు మూడాయె నాణెమందు

పరిశీలన: చక్రం పుల్లలకు ‘ఆకు’ అన్న మాట వాడారు, శభాష్. ‘నగిషీ’ని కుదించడం గణం కోసమే కాబట్టి వదిలేద్దాం. ఏనుగు మాత్రం ఉండకూడదు.

రాజాం: చిహ్నానికి మూలమైన అశోక స్తంభ శిల్పంలో ఏనుగు ఉంది కదండీ?

పరిశీలన: ఉంది. గుండ్రటి పీఠం చుట్టూ ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం, వాటి మధ్య చక్రాలు. 1950 జనవరి 26న స్వీకరించిన జాతీయ చిహ్నంలో కనిపించేది ముందువైపే: నడుమ చక్రం, మనకు కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం, రెండు అంచుల్లో చక్రాల గీతలు. కింది గంటలాంటి పద్మాన్ని తీసుకోలేదు. ‘నేన్గు’ తీసి ‘నెద్దు’ పెట్టండి, గణమూ యతీ రెండూ నిలుస్తాయి.

నరసన్నపేట నుంచి:

శాలిహుండాన దొరికిన శైలశిల్ప
మందు నలుదెస లేలిన మహిత హరులు
చదును బిళ్ళకు దిగివచ్చి సర్దుకొనగ
నాల్గు సింహాలు మూడాయె నాణెమందు

పరిశీలన: మూడో పాదం ఈ పూటకి మేలైనది. శా–శై యతి కూడా చెల్లింది, చరిత్రే చెల్లలేదు! వంశధార ఒడ్డున మన శాలిహుండంలో స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. ఈ సింహాల శీర్షం (స్తంభం తలభాగం) అశోకుడి సారనాథ్ స్తంభానిది. చునార్ ఇసుకరాయి, సుమారు 7 అడుగుల ఎత్తు, 1904-05 తవ్వకాల్లో బయటపడింది. «సారనాథాన దొరికిన శైలశిల్ప» అనండి. స, శలకు యతిమైత్రి ఉంది.

ముగ్గురూ వదిలేసింది ‘సత్యమేవ జయతే’. ముండకోపనిషత్తు వాక్యం, దేవనాగరిలో కింద ఉంటుంది. అది లేని చిహ్నం అసంపూర్ణం. తేటగీతిలో పాదం మొదట పెడితే ‘యతే’ దగ్గర గణం విరుగుతుంది. ‘సత్య’ను పాదం చివర, ‘మేవ’ను తర్వాతి పాదం మొదట వేసి, ‘జయతే’కి ఒక లఘువు తగిలిస్తే సలము (రెండు లఘువులు, గురువు, లఘువు ఉన్న ఇంద్రగణం) అవుతుంది. రేపటిలోగా ప్రయత్నించండి.